11 రోజులు, 8 దేశాలు, ఒకే బస్సు: కుటుంబంతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జూన్ మొదటి వారంలో 11 రోజుల కోచ్ టూర్. పారిస్‌లో మొదలై ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్, ఆస్ట్రియా, ఇటలీ మీదుగా రోమ్‌లో ముగుస్తుంది. వెళ్ళేది మీరు, మీవారు, 12 ఏళ్ళ పాప, 6 ఏళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న 68 ఏళ్ళ అత్తగారు. ఇంత పరుగులో చూసేదేమీ ఉండదు, డబ్బు దండగ అని చుట్టాలు అంటున్నారు, వెళ్ళాలా మానాలా అని.

వెళ్ళండి. ఇలాంటి బృందాలను యూరప్‌లో వెంట ఉండి తిప్పే పని చాలా ఏళ్ళు చేశాను కాబట్టి తడుముకోకుండా చెబుతున్నాను. మీ ఇంటి పరిస్థితికి రైళ్ళలో సొంతంగా తిరగడం కంటే కోచ్ టూరే నయం. రైళ్ళలో అయితే మారిన ప్రతి చోటా అయిదు సూట్‌కేసులు మీరూ మీవారే ఎక్కించి దించాలి, అదే సమయంలో ఒకరు బాబు చెయ్యి, ఒకరు అత్తగారి చెయ్యి పట్టుకోవాలి. కోచ్‌లో పొద్దున ఒక హోటల్ గుమ్మంలో ఎక్కించిన పెట్టె సాయంత్రం ఇంకో హోటల్ గుమ్మంలో దిగుతుంది. దండగ అనేవాళ్ళు ఊళ్ళో గడిపే గంటలే లెక్కేస్తారు గానీ ఈ మోత లెక్కేయరు.

అయితే ఎన్ని దేశాలన్నది మీరు చూడాల్సిన లెక్క కాదు. గంటల లెక్క చూడాలి. ఆ గంటలను చాలావరకు నిర్ణయించేది టూర్ కంపెనీ కూడా కాదు, డ్రైవరు పని గంటల చట్టం. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఎక్కడ తీరిక దొరుకుతుందో, ఎక్కడ ఎంత బతిమాలినా దొరకదో ముందే తెలిసిపోతుంది.

యూరోపియన్ యూనియన్ 2006లో తెచ్చిన నిబంధనల ప్రకారం డ్రైవరు రోజుకు 9 గంటలకు మించి బండి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా నడపొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం ఇవ్వాల్సిందే, దాన్ని ముక్కలుగానూ తీసుకోవచ్చు. రోజు మొత్తంలో 11 గంటలు విశ్రాంతి ఉండాలి. రెండు వారపు సెలవుల మధ్య మూడుసార్లు మాత్రం దాన్ని 9 గంటలకు కుదించుకోవచ్చు. ఇవన్నీ బస్సులో ఉండే టాకోగ్రాఫ్‌లో నమోదవుతాయి. పోలీసులు దారిలో ఆపి ఆ రికార్డు చూస్తారు, తప్పుంటే జరిమానా వేస్తారు. పైగా కోచ్‌లు గంటకు 100 కిలోమీటర్లు దాటకుండా ఇంజన్‌కే వేగ పరిమితి పెట్టి ఉంటుంది. కాబట్టి ఆలస్యమైతే దారిలో తొక్కేసి కలుపుకోవడం అన్న మాటే లేదు. ఊళ్ళో పోయిన అరగంట ఆ రోజు ఇంకెక్కడో కోతపడాల్సిందే.

మీరు పెట్టిన ప్రణాళికలో అయిదో రోజు చూడండి. పొద్దున జర్మనీలోని కొలోన్ దగ్గర బయలుదేరి, బ్లాక్ ఫారెస్ట్‌లో టిటిసే సరస్సు, తర్వాత షాఫ్‌హౌసెన్ దగ్గర రైన్ జలపాతం, రాత్రికి స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ ప్రాంతం. కాగితం మీద మూడు అందమైన పేర్లు. కానీ కొలోన్ నుంచి టిటిసేకే దాదాపు 450 కిలోమీటర్లు, విరామాలు కాక ఆరు గంటలు. అక్కడి నుంచి జలపాతానికి గంట పైన, జలపాతం నుంచి హోటల్‌కు మరో గంటన్నర, రెండు గంటలు. అంటే డ్రైవరుకున్న 9 గంటలూ ఆ రోజుకే సరిపోతాయి. ఆ మధ్యలో భోజనం, రెండు విరామాలు, కుక్కూ గడియారాల దుకాణం, జలపాతం దగ్గర ముప్పావుగంట. ఇది బస్సు రోజు. ఆ రోజు పిల్లల దగ్గర ఉత్సాహం ఆశించకండి, మీరూ ఏమీ ఆశించకండి. బొమ్మల పుస్తకాలు, డౌన్‌లోడ్ చేసిన కార్టూన్లు, పవర్ బ్యాంక్ అన్నీ ఆ రోజు కోసం దాచండి. రైన్ జలపాతం మాత్రం చూడదగ్గది. ఎత్తు 23 మీటర్లే గానీ వెడల్పు 150 మీటర్లు, జూన్‌లో మంచు కరిగిన నీటితో నిండుగా ఉంటుంది. నీటి అంచు దాకా దిగే దారిలో మెట్లు ఉండొచ్చు. అత్తగారిని పై నుంచే చూడమనండి, అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది.

మూడో రోజు పారిస్ నుంచి బ్రసెల్స్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్, 500 కిలోమీటర్ల పైమాటే, అదీ బస్సు రోజే. తొమ్మిదో రోజు వెనిస్ దగ్గర్నుంచి పీసా మీదుగా ఫ్లోరెన్స్ ప్రాంతం కూడా అంతే. ఆరో రోజు, అంటే స్విట్జర్లాండ్‌లో రెండో రాత్రి ఉండే రోజు, మీది. డబ్బైనా ఓపికైనా అక్కడ ఖర్చు పెట్టండి.

కంపెనీ వాళ్ళను అడగాల్సిన ప్రశ్నలూ ఈ లెక్క నుంచే వస్తాయి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలకు బయలుదేరి ఎన్నింటికి హోటల్ చేరతాం అని రోజువారీగా రాసి ఇమ్మనండి. ప్రతి ఊరి పేరు పక్కన లోపలికి వెళ్ళి చూస్తామా, బస్సులోంచి చూస్తామా, దిగి ఫొటో తీసుకుంటామా అన్నది కూడా రాయించండి. బ్రోషర్లలో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. హోటళ్ళ పేర్లు కాకపోయినా ఏ ఊళ్ళోనో చెప్పమనండి. "వెనిస్‌లో బస" అంటే దాదాపు ఎప్పుడూ వెనిస్ దీవుల్లో కాదు, ఇవతలి గట్టున మెస్త్రే అనే చోట. "పారిస్‌లో బస" అంటే తరచు విమానాశ్రయం చుట్టుపక్కల. అది మోసం కాదు, పెద్ద బస్సులు నిలిపే చోటు అక్కడే ఉంటుంది. కానీ సాయంత్రం ఏడింటికి గదికి చేరాక మళ్ళీ ఊళ్ళోకి వెళ్దాం అనుకునే ఆశ ఉంటే అది ముందే వదులుకోవాలి.

గదుల సంగతి ఇప్పుడే తేల్చుకోండి. అక్కడి హోటళ్ళలో అయిదుగురికి ఒకే గది దొరకడం అరుదు, నలుగురికి కూడా కష్టమే. రెండు గదులు, ఒకే అంతస్తులో కావాలని ముందే రాతపూర్వకంగా అడగండి. బాబు మీ గదిలో, పాప నానమ్మతో ఉంటే పెద్దావిడకు రాత్రి తోడు ఉంటుంది.

నేను మరీ మరీ చెప్పే సలహా ఒకటుంది: ఒక రోజు ముందే పారిస్ చేరండి. విమానం దిగిన రోజే నగర సందర్శన, మర్నాడు ఈఫిల్ టవర్, ఆ మర్నాడు తెల్లారి బెల్జియం అంటే పెద్దలు ఎలాగో తట్టుకుంటారు గానీ ఆరేళ్ళ పిల్లవాడి నిద్ర వేళ సర్దుకోదు. మొదటి మూడు రోజులు నిద్ర చాలని పిల్లలు తర్వాత వారమంతా చిరాకుపడటం చాలా చూశాను. ఒక్క రాత్రి హోటల్ ఖర్చు దీని ముందు చిన్నది.

పారిస్‌లో ఇంకో విషయం. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పది గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. దీపాల వెలుగులో సీన్ నది పడవ విహారం అని అదనపు రుసుముతో అమ్ముతారు. చీకటి పడేదాకా ఆగితే గదికి చేరేసరికి అర్ధరాత్రి, పొద్దున ఏడింటికి బస్సు. మీ బాబుతో అది వద్దు. పగలు చేసే పడవ విహారంలో కూడా నోత్రదామ్, లూవ్ర్, వంతెనలు అన్నీ కనిపిస్తాయి. ఈఫిల్ టవర్ ఎత్తు 330 మీటర్లు, టికెట్ శిఖరానికా రెండో అంతస్తుకా అని కనుక్కోండి. రెండో అంతస్తు దాదాపు 116 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నా ఉద్దేశంలో ఊరు అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది, శిఖరానికి మరో లిఫ్టు కోసం మరో క్యూలో నిలబడాలి, అత్తగారికి అది కష్టం. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. మీ రెండో రోజు మంగళవారమైతే పాప ముందే తెలుసుకోవాలి, లేకపోతే మోనాలిసా కోసం చాలా బాధపడుతుంది.

బ్రసెల్స్‌లో గ్రాండ్ ప్లేస్ చౌక్‌లో నిలబడి చుట్టూ ఉన్న భవనాలు తీరిగ్గా చూడండి. మానెకెన్ పిస్ బొమ్మ రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. దానికోసం రాళ్ళు పరిచిన వీధుల్లో పరుగెత్తేకంటే అత్తగారిని చౌక్‌లో కూర్చోబెట్టి ఒకరు తోడుండటం మంచిది. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డుకు 2024 నుంచి ఏడున్నర టన్నులు దాటిన బస్సులను రానివ్వడం లేదు. కాబట్టి బస్సు దూరంగా దింపుతుంది, కాలువల్లో పడవ ఎక్కే చోటిదాకా ఎంత నడకో అడిగి ఉంచుకోండి. క్యూకెన్‌హోఫ్ తులిప్ తోట ఫొటో మీ బ్రోషర్ మీద ఉందన్నారు. అది మార్చి మూడో వారం నుంచి మే మధ్య దాకానే తెరిచి ఉంటుంది. జూన్‌లో ఉండదు, ఆశ పెట్టుకోకండి.

కొలోన్ కెథెడ్రల్ దగ్గర బస్సు కాస్త ఎక్కువసేపు ఆగేలా చూడమని టూర్ మేనేజరును అడగండి. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేసిన కట్టడం, 157 మీటర్ల ఎత్తు. లోపల నిశ్శబ్దంగా కూర్చోవడానికి బల్లలున్నాయి, పెద్దావిడకు ఆ అరగంట ఎంతో హాయి. మీవారూ పాపా ఓపికుంటే దక్షిణ గోపురం 533 మెట్లు ఎక్కొచ్చు, కానీ బస్సు సమయం చూసుకునే.

ఇక స్విట్జర్లాండ్. టిట్లిస్ అనే మంచు కొండ మీదికి వెళ్ళే కేబుల్ కార్ ఎంగెల్‌బర్గ్ ఊళ్ళో సుమారు 1,000 మీటర్ల దగ్గర ఎక్కితే 3,020 మీటర్ల దగ్గర దింపుతుంది. అరగంటలో రెండు వేల మీటర్లు పైకి పోతారు. గుండె జబ్బు, బీపీ ఉంటే అత్తగారు ముందే డాక్టరును అడగాలి. ఏమీ లేకపోయినా పైన మెల్లగా నడవాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి. పిల్లలు మంచు చూడగానే పరుగెత్తుతారు, పది నిమిషాల్లో తలనొప్పి అంటారు. మొదట కాసేపు లోపల కూర్చోబెట్టి తర్వాత బయటికి పంపండి. జూన్‌లో కూడా అక్కడ మంచు ఉంటుంది, స్వెట్టరు, గ్రిప్ ఉన్న బూట్లు పెద్ద సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. కొన్ని టూర్లు టిట్లిస్ బదులు 3,454 మీటర్ల ఎత్తులో ఉండే యుంగ్‌ఫ్రౌయోక్ ఇస్తాయి. అది ఇంకా ఎత్తు, ఇంకా ఖరీదు, రోజంతా పడుతుంది. మీకు టిట్లిస్ చాలు. మిగిలిన సాయంత్రం లూసెర్న్‌లో చెక్క వంతెన మీద, సరస్సు ఒడ్డున గడపండి. టూర్ మొత్తంలో పిల్లలు ఏ తొందరా లేకుండా హంసలను చూస్తూ తిరగగలిగే చోటు అదే.

స్విట్జర్లాండ్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, డబ్బు యూరో కాదు, ఫ్రాంక్. కార్డు అన్నిచోట్లా నడుస్తుంది కాబట్టి ఎక్కువ మార్చుకోనక్కర్లేదు. రెండోది, యూరోపియన్ యూనియన్ సిమ్‌కు అక్కడ రోమింగ్ ఉచితం కాదు. ఫ్రాన్స్‌లో కొన్న సిమ్‌తో సరిహద్దు దాటగానే నెట్ ఆగిపోవడమో, బిల్లు పెరిగిపోవడమో జరుగుతుంది. సిమ్ కొనేటప్పుడే స్విట్జర్లాండ్ కూడా ఉందో లేదో చూసి కొనండి.

అదే తీరులో పాస్‌పోర్టులు. సరిహద్దుల్లో మామూలుగా ఎవరూ ఆపరు, కానీ జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. పోలీసు బస్సెక్కి అడిగినప్పుడు పాస్‌పోర్టు కింద సామాన్ల గదిలో ఉందంటే బస్సంతా ఆగుతుంది. అయిదూ ఒకరి దగ్గరే, ఒంటి మీద ఉండే సంచిలో ఉంచండి.

వీసా గురించి ఒక్క మాట. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. మీ ప్రణాళికలో పారిస్ రెండు రాత్రులు, ఇటలీ మూడు, కాబట్టి దిగేది ఫ్రాన్స్‌లోనైనా ఇటలీకే. నేను చెప్పినట్టు ఒక రోజు ముందు పారిస్ చేరితే రెండూ మూడేసి రాత్రులు అవుతాయి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం, అంటే ఫ్రాన్స్. అందుకని టికెట్లు తేల్చుకున్నాకే దరఖాస్తు పెట్టండి. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకు 45. మీ పాపకు 12 నిండాయి గనుక పూర్తి రుసుము, వేలిముద్రలు కూడా. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అత్తగారి పాలసీలో పాత జబ్బులకు వర్తింపు ఉందో లేదో ఆ చిన్న అక్షరాలు చదవండి.

బాబుకు బస్సులో వాంతులవుతాయన్నారు. చాలా టూర్లలో రోజూ సీట్లు మారుస్తారు, వెనక సీటు వంతు కొండదారి రోజున రావచ్చు. మొదటి రోజే టూర్ మేనేజరుకు చెప్పండి, చెప్పినవాళ్ళకు వీలైనంతవరకు ముందు సీటు సర్దుతారు. మాత్ర వికారం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు, బయలుదేరడానికి అరగంట, గంట ముందు వేయాలి. అందుకు మీ పిల్లల డాక్టరు రాసిచ్చిన మందునే తీసుకెళ్ళండి, మిగతా మందులు కూడా. అక్కడ ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. బస్సులో టాయిలెట్ ఉన్నా అత్యవసరానికే తెరుస్తారు. ఆగిన ప్రతిసారీ, అవసరం లేదన్నా సరే, బాబును తీసుకెళ్ళండి. జర్మనీ హైవేల మీద చాలాచోట్ల మనిషికి ఒక యూరో తీసుకుంటారు, అందుకు చిల్లర నాణేలు ఒక డబ్బాలో ఉంచండి.

సామాను సర్దడంలో ఒక పద్ధతి పాటిస్తే మీ సాయంత్రాలు మీకు మిగులుతాయి. ఒక్క రాత్రి బసలకు అందరి బట్టలూ కలిపి ఒకే పెట్టెలో పెట్టండి, మిగతా నాలుగూ తెరవకండి. రెండు రాత్రులు ఉండే పారిస్, స్విట్జర్లాండ్‌లలోనే బట్టలు ఉతుక్కోవడం, తిరిగి సర్దడం.

సమయానికి రావడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. వెనిస్‌లో కోచ్ త్రోంకెత్తో అనే బస్సులు నిలిపే చోట ఆగుతుంది, అక్కడి నుంచి పడవలో శాన్ మార్కో చౌక్ వైపు తీసుకెళ్తారు. పడవకు కూడా వేళ ఉంటుంది. ఒకసారి మా బృందంలో ఒక కుటుంబం సందుల్లో దారితప్పి 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పడవ తప్పింది, బస్సు ఆలస్యమైంది, డ్రైవరు విశ్రాంతి గంటలు పూర్తికావాలి కనుక మర్నాడు పొద్దున బయలుదేరడం వెనక్కి జరిగింది. చివరికి పీసాలో గంటన్నర ఉండాల్సింది అరగంట అయింది. ఆ కుటుంబం తప్పేమీ లేదు, ఆ సందుల్లో ఎవరైనా తప్పిపోతారు. అందుకే స్వేచ్ఛగా తిరగమని సమయం ఇచ్చినప్పుడు పదిహేను నిమిషాలు మీకు మీరే తగ్గించుకోండి. ప్రతి ఊళ్ళో దిగగానే "విడిపోతే ఇక్కడికి రావాలి" అని ఒక చోటు పిల్లలకు చూపించండి. హోటల్ కార్డు, టూర్ మేనేజర్ నంబరు పాప, బాబు, నానమ్మ ముగ్గురి జేబుల్లోనూ ఉండాలి. ఈ దేశాలన్నిటిలో అత్యవసర నంబరు 112.

వెనిస్‌లో వంతెనలన్నీ దాదాపు మెట్లవే. పడవ దిగిన చోటు నుంచి చౌక్‌కు ఎన్ని వంతెనలు దాటాలో అడగండి, ఒకటి రెండైతే అత్తగారు మెల్లగా రాగలరు. గొండోలా అనే చిన్న పడవ కావాలంటే ఆవిడతో కలిసి ఎక్కండి, ఆవిడకు వెనిస్ చూపించడానికి అంతకంటే మంచి మార్గం లేదు. పీసాలో 8 ఏళ్ళు నిండని పిల్లలను వాలిన గోపురం ఎక్కనివ్వరు, ఈ సంగతి బాబుకు ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి. బస్సు ఆగే చోటు నుంచి గోపురం కాస్త దూరం, షటిల్ ఉంటే అత్తగారి కోసం ఎక్కండి.

దారిలో వచ్చే దుకాణాల విరామాలు, కుక్కూ గడియారాలు, క్రిస్టల్, తోలు, గాజు, ఇవన్నీ చూపించడం ఉచితం, కొనడం మీ ఇష్టం. మొహమాటపడి కొనకండి. టాయిలెట్‌కు వెళ్ళి కాళ్ళు చాపుకోవడానికి మంచి చోట్లు అవి.

చివరి రోజు రోమ్. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికాలోకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉంటేనే రానిస్తారు, పాప వేసుకునే షార్ట్స్ ఆ రోజు వద్దు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. విమానాశ్రయం ఊరికి దాదాపు 30 కిలోమీటర్లు. యూరప్ సరిహద్దుల్లో ఇప్పుడు ముఖం ఫొటో, వేలిముద్రలు నమోదుచేసే కొత్త విధానం వచ్చింది, అందుకని మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. మీ విమానం రాత్రి తొమ్మిది దాటాక అయితే మధ్యాహ్నం కొలోసియం పెట్టుకోండి. అంతకంటే ముందైతే దాన్ని బస్సులోంచి చూసి, ఆ రెండు గంటలు బసిలికాలోనే కూర్చోండి.